ఇటుక మాటతో మొదలైన చదువు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు రాగానే నాకు ముందు గుర్తొచ్చింది పదో తరగతి పరీక్ష ఫీజు. ఆ ఏడాది మా ఇంట్లో ఆ డబ్బు లేదు. కట్టిందెవరో నాకు అప్పుడు తెలియదు. ఇంజనీరింగ్ చదువు పూర్తయ్యాక ఒకరోజు అమ్మ చెప్పింది, మన హెడ్మాస్టరు గారే కట్టారని. ఆయన గురించి, మన మిగతా మాస్టార్ల గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు ఈ సంచికలో చాలామంది ఉంటారు. నేను మాత్రం ఫీజు కట్టలేని ఇంకో కుర్రవాడి గురించి రాస్తాను. అతను మన దేశం వాడు కాదు, బ్రెజిల్ వాడు. పేరు పాలో ఫ్రెయిరీ. వయోజన విద్య గురించి పరిశోధన చేసినవాళ్ళలో ప్రపంచమంతా ఎరిగిన పేరు. ఉపాధ్యాయ శిక్షణ చదివిన మన మిత్రులు ఆయన పేరు పరీక్షల కోసమైనా చదివే ఉంటారు. నేను చదివింది పరీక్ష కోసం కాదు. ఆ కథ చివర్లో చెబుతాను.

ఫ్రెయిరీ 1921 సెప్టెంబరు 19న బ్రెజిల్ ఈశాన్య తీరంలోని రెసీఫె నగరంలో పుట్టారు. చెరుకు తోటలు, భూస్వాములు, కరువు, వలస అన్నీ ఉన్న ప్రాంతం అది. తండ్రి రాష్ట్ర పోలీసు దళంలో అధికారి. తల్లిదండ్రులే ఇంటి పెరట్లో మామిడి చెట్టు కింద కూర్చోబెట్టి నేల మీద పుల్లతో మొదటి అక్షరాలు దిద్దించారు. మామిడి చెట్టు నీడలో అక్షరాభ్యాసం అనగానే ఆ మనిషి నాకు మన ఊరివాడిలాగే అనిపించాడు.

1929 నాటి ఆర్థిక మాంద్యం ఆ ఇంటిని కూడా తాకింది. రెసీఫెలో బతకలేక పక్కనే ఉన్న జబొవాతావ్ అనే చిన్న ఊరికి మారారు. 1934లో తండ్రి పోయారు. అప్పటికి పాలోకి పదమూడేళ్ళు. ఇంట్లో ఆకలి. కానీ పిన్ని గారి పియానో మాత్రం అమ్మలేదు, తండ్రి ఉన్నన్నాళ్ళూ మెడలో టై తీయలేదు. ఆ రెండూ పోతే మధ్యతరగతి కుటుంబమన్న మాట కూడా పోతుంది, అప్పు కూడా పుట్టదు. మనవైపు కూడా ఇస్త్రీ చొక్కా వెనక ఖాళీ డబ్బాలు దాచుకున్న ఇళ్ళు మనకు తెలుసు. ఒకసారి పక్కింటి కోడి దారి తప్పి పెరట్లోకి వస్తే అన్నదమ్ములు పట్టేశారు. తల్లి కాసేపు ఏం చేయాలో తోచక నిలబడి, చివరికి మాట్లాడకుండా దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళిందట. పెద్దయ్యాక ఆయన దీన్ని దాచుకోలేదు, రాసుకున్నారు.

ఆకలితో చదువు ఎక్కదు. పదిహేనేళ్ళ వయసులో ఎలుక అనే చిన్న మాటను కూడా తప్పుగా, ఒక ర ఉండాల్సిన చోట రెండు ర లు పెట్టి రాసేవారు. ఈడు పిల్లలు పై చదువులకు సిద్ధమవుతుంటే ఈయన హైస్కూలు మొదటి మెట్టు దగ్గరే ఉన్నారు. ఉచితంగా చేర్చుకునే బడి కోసం తల్లి రెసీఫె వీధుల్లో బడి తర్వాత బడి తిరిగింది. చివరికి ఒస్వాల్దో క్రూజ్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు అలూయిజియో అరౌజో ఒప్పుకున్నారు. కుర్రవాడు శ్రద్ధగా చదవాలి, అదొక్కటే షరతు. ఆ కుర్రవాడు కొన్నేళ్ళకే అదే బడిలో పోర్చుగీసు భాష చెప్పే మాస్టారయ్యాడు. ఆ హెడ్మాస్టరు గారి కూతురు అనా మరియా అప్పటికి చిన్న పిల్ల. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఆయన లా చదివారు. కానీ లాయరుగా బతికింది ఒక్క కేసు కూడా కాదు, సగం కేసే. పరికరాల కోసం చేసిన అప్పు తీర్చలేని ఒక కుర్ర దంతవైద్యుడు ఆయన ముందుకొచ్చాడు. ఫ్రెయిరీ అప్పిచ్చినవాళ్ళ తరఫు లాయరు. ఇంట్లో సామానంతా తీసుకుపోండి, ఏడాదిన్నర కూతుర్ని మాత్రం తీసుకుపోలేరు కదా అన్నాడట ఆ వైద్యుడు. ఫ్రెయిరీ ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, ఈ వృత్తి నాకొద్దని భార్యతో చెప్పేశారు. భార్య ఎల్సా ప్రాథమిక పాఠశాల టీచరు. 1944లో పెళ్ళయింది. లా కంటే చదువు చెప్పడమే ఈయనకు తగిన పని అని ఆమెకు ముందే తెలుసు.

తర్వాత పరిశ్రమల యజమానులు కార్మికుల కోసం నడిపే ఒక సంక్షేమ సంస్థలో విద్యా విభాగం బాధ్యత తీసుకున్నారు. దాదాపు పదేళ్ళు ఆ పనిలోనే ఉన్నారు. ఆయన పరిశోధనకు అసలు పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం. డాక్టరేట్ 1959లో వచ్చింది కానీ, పాఠం అంతకు ముందే నేర్చుకున్నారు. ఒక రాత్రి కార్మికులకు, వాళ్ళ భార్యలకు పిల్లల్ని కొట్టకూడదని ఉపన్యాసమిచ్చారు. పియాజే సిద్ధాంతాలు వివరించారు. అంతా అయ్యాక సుమారు నలభై ఏళ్ళ కార్మికుడొకాయన లేచి, చాలా మర్యాదగా, మీరు మా ఇల్లు ఎప్పుడైనా చూశారా అని అడిగాడు. ఫ్రెయిరీ గారి ఇల్లు ఎలా ఉంటుందో ఆయనే వర్ణించాడు, చూడకుండానే. పిల్లలకు వేరే గది, భార్యాభర్తలకు వేరే గది, స్నానం చేసి భోంచేసిన పిల్లలు. తర్వాత తమ గుడిసె సంగతి చెప్పాడు. తెల్లవారుజామున లేవాలి, ఒకే గదిలో అందరూ, ఆకలితో అల్లరి చేసే పిల్లలు, రేపు మళ్ళీ పనికి పోవాలంటే కాసేపైనా నిద్రపోవాలి. మేం కొట్టేది ప్రేమ లేక కాదు, వేరే దారి లేక అని ముగించాడు.

ఇంటికి వెళ్తూ కారులో ఫ్రెయిరీ వాపోయారు, వాళ్ళకు నేను చెప్పింది అర్థం కాలేదేమోనని. ఎల్సా మెల్లగా, వాళ్ళను మీరే అర్థం చేసుకోలేదేమో అంది. ఆ తర్వాత పదుల పుస్తకాలు రాసినా, ఆ కార్మికుడి ప్రశ్నను, ఆ కారు ప్రయాణాన్ని ఆయన మర్చిపోలేదు.

అక్కణ్ణుంచి రెసీఫె విశ్వవిద్యాలయంలో సాంస్కృతిక విస్తరణ విభాగానికి వచ్చారు. అక్షరాస్యత మీద ప్రయోగాలు ఇక్కడే మొదలయ్యాయి. మొదటి బృందంలో ఐదుగురే. అందులో ఇద్దరు రెండు మూడు రోజుల్లోనే మానేశారు. పెద్ద పెద్ద ఉద్యమాల లెక్కలు చదివేవాళ్ళు ఈ ఐదుగురిని దాటిపోతారు. నాకు మాత్రం ఆ మానేసిన ఇద్దరి సంగతి చదివాకే ఆయన మీద నమ్మకం కలిగింది.

పద్ధతి ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. ఇంజనీరుని కదా, పని జరిగే తీరు చెప్పకపోతే నాకు తోచదు. ముందు వాచకం ఉండదు. ఒక బృందం ఆ పేటకు వెళ్ళి, జనం మాట్లాడుకునే మాటలు వింటుంది, రాసుకుంటుంది. ఇదే పరిశోధన. ఆ మాటల్లోంచి పదహారు, పదిహేడు మాటలు ఏరుతారు. ఏరడానికి మూడు కొలతలు. ఆ భాషలోని ధ్వనులన్నీ వాటిలో రావాలి, తేలికవి ముందు కష్టమైనవి తర్వాత రావాలి, అన్నిటికీ మించి ఆ మాట వినగానే ఆ మనుషులకు చెప్పడానికి ఏదో ఉండాలి. రెసీఫె శివారులోని ఒక మురికివాడకు ఏరిన మాటల్లో ఇటుక ఉంది, ఓటు ఉంది, పీత ఉంది, పార ఉంది, జబ్బు ఉంది, ఉద్యోగం ఉంది.

తరగతి అనరు, సంస్కృతి వలయం అంటారు. టీచరు అనరు, సమన్వయకర్త అంటారు. అక్షరాల కంటే ముందు పది బొమ్మలు చూపిస్తారు. వాటిని గీసింది ఫ్రాన్సిస్కో బ్రెనాండ్ అనే చిత్రకారుడు. పోలండ్ నుంచి తెప్పించిన చవక ప్రొజెక్టరుతో మట్టిగోడ మీదే బొమ్మ వేసేవాళ్ళు. బావి దగ్గర మనిషి, వేటగాడు, కుండలు చేసేవాళ్ళు. బావి ఎవరు తవ్వారు, చెట్టును ఎవరు చేశారు అన్న ప్రశ్నల మీద మాటలు సాగేవి. మట్టి ప్రకృతిది, కుండ మనిషిది, చేసే శక్తి నా చేతుల్లో ఉంది అనే దాకా వచ్చాక అప్పుడు అక్షరం.

ఇటుకను పోర్చుగీసులో తిజోలో అంటారు. ఇటుకలు పేరుస్తున్న బొమ్మ చూపించి, ముందు ఇటుక గురించి, ఇంటి గురించి, కూలి గురించి మాట్లాడుకుంటారు. తర్వాత ఆ మాటను మూడు ముక్కలు చేస్తారు. తి, జో, లో. ఒక్కో ముక్కకు దాని కుటుంబం చూపిస్తారు. త తె తి తొ తు. జ జె జి జొ జు. ల లె లి లొ లు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మన గుణింతమే కదా! మూడో తరగతిలో బెత్తం దెబ్బలతో నేర్చుకున్న గుణింతాన్ని ప్రపంచమంతా గొప్ప ఆవిష్కరణ అంటోందేమిటి అనుకున్నాను. కానీ తేడా ఉంది. మనం గుణింతం వల్లించి, అది అయిపోయాక మాటల్లోకి వెళ్ళేవాళ్ళం. అక్కడ మాట ముందు, గుణింతం తర్వాత, వెంటనే మళ్ళీ మాట. ఆ పదిహేను ముక్కలను కలిపి మీకు తోచిన మాటలు చేయండి అంటారు. ఆ రాత్రే లోజ అని ఒకరు అంటారు, అంటే దుకాణం. లూత అని ఇంకొకరు, అంటే పోరాటం. అర్థం రాని కలయికలు కూడా వస్తాయి. ఒకచోట కూలీలు వాటికి చచ్చిన మాటలని, అర్థం ఉన్నవాటికి ఆలోచించే మాటలని తామే పేర్లు పెట్టుకున్నారు.

1963లో రియో గ్రాందే దో నోర్తే రాష్ట్రంలోని అంజికోస్ అనే చిన్న పట్టణంలో సుమారు మూడు వందల మందికి ఈ పద్ధతిలో 40 గంటల పాఠాలు జరిగాయి. వాళ్ళు కూలీలు, ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు, చిన్న చిన్న పనివాళ్ళు. పగలు పని, రాత్రి చదువు. ముగింపు రోజు దేశాధ్యక్షుడు జొవావ్ గులార్ స్వయంగా వచ్చారు. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది 40 గంటలు అనే అంకె కాదు. ఆ దేశంలో అప్పట్లో చదవడం రానివాళ్ళకు ఓటు హక్కు లేదు. అంటే అక్షరం నేర్చుకున్న ప్రతి కూలీ ఒక కొత్త ఓటరు. ఈ లెక్క ఫ్రెయిరీకి తెలుసు, భూస్వాములకు ఇంకా బాగా తెలుసు. గులార్ ప్రభుత్వం దేశమంతటా ఇరవై వేల సంస్కృతి వలయాలు పెట్టి ఇరవై లక్షల మందికి చదువు చెప్పాలని ప్రణాళిక వేసింది. అంజికోస్ ముగింపు సభకు వచ్చినవాళ్ళలో కస్తెలో బ్రాంకో అనే సైన్యాధికారి కూడా ఉన్నారు. ఏడాది తిరిగేసరికి, 1964 ఏప్రిల్ మొదటి రోజుల్లో సైన్యం గులార్‌ను దించేసింది. కొత్త అధ్యక్షుడు ఆ కస్తెలో బ్రాంకోయే. అక్షరాస్యతా ప్రణాళిక రద్దయింది. ఫ్రెయిరీ జైలుకు వెళ్ళారు.

డెబ్బై రోజులకు పైగా జైల్లో ఉంచారు. అక్కడ ఒక అధికారి, మా కొత్త సిపాయిల్లో చాలామందికి చదువు రాదు, మీ పద్ధతిలో కాస్త నేర్పిస్తారా అని అడిగాడట. అయ్యా, నేను లోపలికి వచ్చింది అందుకే కదా అని ఫ్రెయిరీ గుర్తు చేయాల్సి వచ్చింది.

విడుదలయ్యాక దేశం వదిలారు. ముందు బొలీవియా. లాపాజ్ ఎత్తుకు ఊపిరి ఆడలేదు, దానికి తోడు కొద్ది రోజుల్లోనే అక్కడ కూడా సైనిక తిరుగుబాటు. చిలీ తీరంలోని అరీకాలో దిగగానే ప్రాణవాయువుకు జై కొట్టానని తర్వాత నవ్వుతూ చెప్పుకునేవారు. చిలీలో ఉన్న ఐదేళ్ళు ఆయన పరిశోధనకు మంచికాలం. అక్కడ భూసంస్కరణలు జరుగుతున్నాయి. ఆయన రైతులతో, వ్యవసాయ ఇంజనీర్లతో కలిసి పనిచేశారు. ఆయనకు పేరు తెచ్చిన పీడితుల విద్యా శాస్త్రం అక్కడే రాశారు. దాని ఇంగ్లీషు అనువాదం 1970లో వచ్చింది, సొంత దేశంలో మాత్రం 1974 దాకా అచ్చు కాలేదు. టీచరు డబ్బు జమ చేసేవాడు, విద్యార్థి ఖాళీ ఖాతా అన్నట్టు సాగే చదువును ఆయన బ్యాంకు పద్ధతి అన్నారు. ఆ పోలిక ఇప్పుడు అందరికీ తెలుసు.

నన్ను పట్టుకున్నది మాత్రం అదే కాలంలో రాసిన ఇంకో చిన్న పుస్తకం. విస్తరణా, సంభాషణా అన్నది అందులోని ప్రశ్న. వ్యవసాయ విస్తరణ అధికారి అనే మాటనే ఆయన తప్పుపట్టారు. విస్తరణ అంటే నా దగ్గరున్నది నీ దాకా చాచడం. అంటే నీ దగ్గర ఏమీ లేదని ముందే తేల్చేయడం. రైతుకు నేల గురించి, వాన గురించి తెలిసినదేమిటో అడగకుండా ఎరువు సంచి మీద లెక్క చదివి వినిపిస్తే అది చదువు కాదు, దండయాత్ర అంటారు. ముప్పై ఏళ్ళుగా నేను సైట్లలో భద్రత గురించి కూలీలకు పొద్దున్నే పది నిమిషాలు ఉపన్యాసమిస్తున్నాను. హెల్మెట్, బెల్టు, నిచ్చెన. వాళ్ళు తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని అర్థమైనట్టు లెక్క వేసుకుని రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటాను. ఈ పుస్తకం చదివాక కొన్నాళ్ళు ఆ రిజిస్టరు తెరవాలంటే సిగ్గేసింది.

ఆయన రాసే తీరు తేలిక కాదని కూడా చెప్పాలి. మొదటి పుస్తకం నేను మూడుసార్లు పక్కన పెట్టాను. కూలీల మాటతో చదువు చెప్పాలన్న మనిషి కూలీకి అర్థమయ్యేలా ఎందుకు రాయలేదన్న ప్రశ్న న్యాయమైనదే.

చిలీ తర్వాత 1969లో కొన్ని నెలలు హార్వర్డ్‌లో, 1970 నుంచి పదేళ్ళు జెనీవాలో ప్రపంచ చర్చిల మండలి విద్యా సలహాదారుగా ఉన్నారు. అప్పుడే పోర్చుగీసు పాలన నుంచి బయటపడిన గినీ బిసావ్‌కు అక్షరాస్యతలో సాయం చేయడానికి వెళ్ళారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. కారణాలు చాలా ఉన్నాయి, పెద్దది భాష. అక్కడి జనం ఇంట్లో మాట్లాడేది క్రియోలు, ఇంకా అనేక స్థానిక భాషలు. వాచకం పోర్చుగీసులో. జనం నోట్లో లేని మాటను ముక్కలు చేస్తే వచ్చేవి ముక్కలే. తన పద్ధతికి ప్రాణమైన సూత్రాన్నే అక్కడ వదులుకోవాల్సి వచ్చింది. పెద్దవాళ్ళ ఓటములను జీవిత చరిత్రల్లో ఒక వాక్యంలో దాటేస్తారు. నాకైతే ఆయన విజయాల కంటే ఇదే ఎక్కువ నేర్పింది. మన పిల్లలు ఏ భాషలో చదవాలన్న వాదన ఇంట్లో వచ్చినప్పుడల్లా నాకు గినీ బిసావ్ గుర్తొస్తుంది.

1980లో స్వదేశానికి తిరిగొచ్చారు. సావ్ పావ్లోలో పాఠాలు చెప్పారు. చదువు రానివాళ్ళకు ఓటు హక్కు 1985లో వచ్చింది. 1986లో ఎల్సా చనిపోయారు. ఆయన బాగా కుంగిపోయారు. రెండేళ్ళకు అనా మరియాను పెళ్ళి చేసుకున్నారు. పైన గుర్తుంచుకోమన్న పేరు ఇదే, ఫీజు లేకుండా చేర్చుకున్న ఆ హెడ్మాస్టరు గారి అమ్మాయి. 1989లో సావ్ పావ్లో నగర విద్యా బాధ్యత చేపట్టి రెండేళ్ళకు పైగా చేశారు. వందలాది బడుల కప్పులు, బెంచీలు, టీచర్ల జీతాలు అన్నీ చూసుకుంటూనే వయోజనుల కోసం కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. 1997 మే 2న గుండెపోటుతో కన్నుమూశారు.

ఇక నా కథ. 1990ల మొదట్లో మన రాష్ట్రంలో సాక్షరతా ఉద్యమం జోరుగా సాగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు వాచకంలోని సీతమ్మ కథ చదివి, దాని మీద మాట్లాడుకుని, 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అక్కడ మొదలైన ఉద్యమంతో మరుసటి ఏడాదికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఫ్రెయిరీ ఏం చెప్పారో నాకు తర్వాత సులువుగా అర్థం కావడానికి దూబగుంటే కారణం.

కానీ నేను నడిపిన రాత్రి బడి దూబగుంట కాదు. ఇంజనీరింగ్ చివరి ఏడాది సెలవుల్లో వాలంటీరుగా పేరిచ్చాను. కాలువ పని చేసే కూలీల గుడిసెల దగ్గర లాంతరు పెట్టుకుని వాచకం తెరిచాను. మొదటి రోజు పద్దెనిమిది మంది. మూడో వారానికి ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకామె, నన్ను అయ్యా అని పిలిచేది, వయసులో మా అమ్మంత. ఒకరోజు పాఠం మధ్యలో అడిగింది. మేస్త్రీ దగ్గర మస్టరు పుస్తకం ఉంటుంది, అందులో నా పేరు ఎక్కడుందో, ఎన్ని రోజులు వేశాడో చదవడం ముందు నేర్పిస్తావా, నాకు రెండు రోజులు తక్కువ పడుతున్నట్టు అనుమానంగా ఉంది అని. నేను వాచకం చూపించి, అమ్మా, ఇంకా నాలుగో పాఠంలోనే ఉన్నాం, అంకెలు తర్వాత వస్తాయి, ఇది పూర్తయ్యాక తప్పకుండా నేర్పిస్తాను అన్నాను. ఓపికగా, మర్యాదగానే అన్నాను.

మర్నాడు ఆమె రాలేదు. వాళ్ళకు శ్రద్ధ లేదని నివేదికలో రాసి ఊరుకున్నాను.

ఏడెనిమిదేళ్ళ తర్వాత హైదరాబాదులో, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఫ్రెయిరీ పుస్తకం దొరికింది. బేరమాడి కొన్నాను. ఇటుక మాట ఉన్న పేజీ దగ్గరకు వచ్చేసరికి ఆమె గుర్తొచ్చింది. రెసీఫెలో ఒక బృందం ఇల్లిల్లూ తిరిగి వెతికితే గాని దొరకని మాటను ఆమె తనంతట తానే తెచ్చి నా చేతిలో పెట్టింది. మస్టరు. మూడే అక్షరాలు. మ కుటుంబం, స్ట ఒత్తు, రు. కాస్త కష్టమైన ఒత్తే, కానీ ఆ ఒక్క రాత్రిలో నేర్చుకునేది.

ఇప్పుడు మా సైట్లో హాజరు పట్టికను గేటు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టిస్తున్నాను. భద్రత పాఠం ముందు, నిన్న ఎక్కడ భయమేసిందో చెప్పమని అడుగుతున్నాను. కొన్ని రోజులు చెబుతారు, కొన్ని రోజులు ఎవరూ మాట్లాడరు.

ఆ కాలువ పని ఆ ఎండాకాలంతోనే అయిపోయింది. గుడిసెలు ఎత్తేశారు. మస్టరులో ఆమె పేరు ఎలా రాసి ఉండేదో నేను ఒక్కసారి కూడా చూడలేదు.